గెలుపు తర్వాతి మరుపు: గెరిల్లా పోరాటాలు, వాటిని ఎదుర్కొన్న రాజ్యం



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. తిరుగుబాట్ల చరిత్ర బోధించేటప్పుడు ఆయన ఒక క్రమం పాటించేవారు. ముందు కలెక్టరు రాసిన నివేదిక చదివించేవారు. తర్వాత అదే ప్రాంతంలో జనం ఆ సంఘటన గురించి ఏం చెప్పుకుంటున్నారో తెలుసుకోమనేవారు. ఆఖరున, తిరుగుబాటు అణిగిపోయిన ఇరవై ముప్పై ఏళ్లకు ఆ ఊళ్లో భూమి ఎవరి పేరిట ఉందో చూడమనేవారు. మొదటి రెండు పనులూ విద్యార్థులు ఉత్సాహంగా చేసేవారు. మూడోది విసుగు పుట్టించే పని, అందుకే ఎక్కువమంది అక్కడ ఆగిపోయేవారు. ఈనాటి ఉపన్యాసానికి ఆ మూడో పనే పునాది.

గెరిల్లా యుద్ధాల గురించి మన దగ్గర రెండు రకాల రచనలు విస్తారంగా ఉన్నాయి. ఒకటి వీరగాథ. రెండోది శాంతిభద్రతల దస్త్రం. రెండింటికీ ఒక పోలిక ఉంది. నాయకుడు మరణించిన రోజునో, దళం లొంగిపోయిన రోజునో అవి ముగిసిపోతాయి. నిజానికి పరిశీలించవలసిన చరిత్ర ఆ రోజునే మొదలవుతుంది.

నా ప్రతిపాదన ఇది. గెరిల్లా పోరాటాన్ని ఎదుర్కొనే ఏ రాజ్యానికైనా రెండు పనులుంటాయి. పోరాడేవారిని జనం నుంచి విడదీయడం మొదటిది. ఆ జనం పోరాటం వైపు మొగ్గడానికి కారణమైన అన్యాయాన్ని సరిదిద్దడం రెండోది. మొదటి పని బలంతో అవుతుంది, గడువు పెట్టుకుని చేయవచ్చు, చేసినవారికి పేరూ పతకాలూ తెస్తుంది. రెండో పని భూమితో, అడవితో, అప్పుతో, పన్నుతో ముడిపడినది. దాన్ని చేపడితే ఆ ప్రాంతంలో రాజ్యానికి అండగా నిలిచినవారి ప్రయోజనాలే దెబ్బతింటాయి. కనుక ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మాత్రమే రాజ్యం ఆ పనికి పూనుకుంటుంది. మొదటి పనిలో గెలుపు దక్కగానే రెండో పనికి ఉన్న తొందర కాస్తా పోతుంది. అంటే అణచివేత విఫలమైనప్పటి కంటే, ఫలించినప్పుడే సంస్కరణకు ఎక్కువ ముప్పు. మన కొండల చరిత్ర ఇందుకు నూరేళ్లకు పైబడిన సాక్ష్యం ఇస్తోంది. అయితే ఇది మన ఒక్కరి కథ కాదు కాబట్టి ముందుగా కొంత దూరం నుంచి వద్దాం.

దక్కనులో ఈ యుద్ధరీతికి 17వ శతాబ్దం తొలి పాతికేళ్లలోనే ఒక గొప్ప ఆచార్యుడున్నాడు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యానికి సర్వాధికారి అయిన మాలిక్ అంబర్ ఆయన. మొఘలుల భారీ సైన్యాన్ని మైదానంలో ఢీకొనకుండా, తేలికపాటి మరాఠా అశ్వదళాలతో దాని రసదు మార్గాలను తెంపేవాడు. అదే మనిషి భూమి శిస్తు విధానాన్ని సంస్కరించాడన్న సంగతిని యుద్ధ చరిత్రకారులు వేరే అధ్యాయంలోకి నెట్టేస్తారు. ఆ రెండూ ఒకే విధానంలోని భాగాలు. పల్లె నిలబడితేనే గుర్రానికి మేత దొరుకుతుందని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత శివాజీ, ఆయన వారసులు ఆ రీతిని ఇంకా పదునుపెట్టారు. ఔరంగజేబు 1681లో దక్షిణాదికి వచ్చాడు. 1686లో బీజాపూరు, 1687లో గోల్కొండ, 1698లో జింజి ఆయన చేజిక్కాయి. పట్టుకున్న కోటల జాబితా పెరుగుతూనే ఉంది, మరాఠాల దాడులూ పెరుగుతూనే ఉన్నాయి. 1707లో ఆ చక్రవర్తి ఢిల్లీ మళ్లీ చూడకుండానే దక్కనులో కన్నుమూశాడు. పాతికేళ్ల యుద్ధంలో కోటలు ఎన్నో చేతికి వచ్చాయి గాని పల్లెలు రాలేదు.

ఐరోపాలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం మీద 1793లో వాందే ప్రాంతపు రైతులు తిరగబడ్డారు. సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోవడం, తమ చర్చి పూజారుల మీద ఆంక్షలు వారి ప్రధాన ఫిర్యాదులు. 1794 ఆరంభంలో సేనాని త్యూరో పంపిన దళాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. తిరుగుబాటు చల్లారలేదు. తర్వాత వచ్చిన సేనాని ఓష్ రెండు చర్యలు జోడించాడు. ఆయుధాలు అప్పగించేదాకా పశువులను జప్తు చేశాడు, మరోవైపు పూజలకు స్వేచ్ఛ ఇచ్చాడు. 1796 నాటికి ఆ ప్రాంతం చాలా మటుకు సద్దుమణిగింది. స్పెయిన్‌లో నెపోలియన్ సేనానుల్లో సుషే ఒక్కడు అరగాన్ రాష్ట్రంలో కొంత ఒద్దికైన పాలన నడిపి కొంత శాంతి సాధించాడు. వాలెన్సియా మీద దండయాత్రకు తన సైన్యాన్ని తరలించగానే ఆ శాంతి చెదిరిపోయింది.

మొదటి పనిని ఒక శాస్త్రంగా మార్చినది మాత్రం 19వ శతాబ్దపు వలస సామ్రాజ్యాలే. 1899లో మొదలైన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం రాజధానులను త్వరగానే పట్టుకుంది. డచ్చి సంతతికి చెందిన బోయర్ రైతులు గుర్రాలెక్కి గెరిల్లా పోరుకు దిగారు. బ్రిటిష్ సేనాని కిచనర్ దక్షిణాఫ్రికా మైదానాన్ని ముళ్లకంచెతో, సుమారు 8,000 చిన్న కాపలా కోటలతో గళ్లు గళ్లుగా విభజించాడు. పొలాలు తగలబెట్టించాడు. స్త్రీలనూ పిల్లలనూ నిర్బంధ శిబిరాలకు తరలించాడు. ఆ శిబిరాల్లో 26,000 మందికి పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు రోగాలతో, తిండిలేమితో చనిపోయారు. నల్లజాతివారికి వేరే శిబిరాలు పెట్టారు. అక్కడి చావులను సరిగా లెక్కపెట్టినవారు కూడా లేరు. ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఆంగ్ల మహిళ ఆ శిబిరాలు చూసి వచ్చి చెబితేగాని లండన్‌కు ఆ ఘోరం తెలియలేదు.

ఆ యుద్ధం ముగిసిన తీరు ఇంకా ఆలోచించదగింది. 1902 మే 31న కుదిరిన ఒప్పందంలో ఓడిన బోయర్లకు పునర్నిర్మాణం కోసం 30 లక్షల పౌండ్లు, ముందుముందు స్వపరిపాలన ఇస్తామన్నారు. అదే ఒప్పందంలో నల్లజాతివారి ఓటుహక్కు సంగతిని స్వపరిపాలన వచ్చాక చూద్దామని వాయిదా వేశారు. బోయర్లకు మాట నిలబెట్టుకున్నారు. వాయిదా వేసిన హక్కు మాత్రం 1994 దాకా రాలేదు. 1913లో నల్లజాతివారు భూమి కొనడాన్నే దేశంలో అత్యధిక భాగంలో నిషేధించిన చట్టం వచ్చింది. రెండో పని జరిగిందని ఎవరైనా చెప్పినప్పుడు, అది ఎవరికి జరిగింది, ఎవరి ఖర్చుతో జరిగింది అని అడగడం ఈ ఉదంతం నేర్పుతుంది.

ఇక మన కొండల్లోకి వద్దాం. 1830లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ జమీందారీల్లో వరుసగా అలజడులు రేగాయి. మద్రాసు ప్రభుత్వం రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన నివేదిక మీద 1839లో 24వ చట్టం వచ్చింది. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు ఆ కొండ ప్రాంతాలకు వర్తించవని, కలెక్టరే గవర్నరు ఏజెంటుగా వాటిని పాలిస్తాడని ఆ చట్టం చెప్పింది. ఏజెన్సీ పాలన అలా తిరుగుబాటు కడుపున పుట్టింది. కొండవారిని మైదానపు కోర్టుల నుంచి కాపాడడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఆచరణలో మాత్రం అధికారి దయ మీద బతికే పాలనగా మారింది.

గోదావరి జిల్లా రంప ప్రాంతం మొదట ఆ చట్టం పరిధిలో లేదు. అక్కడ ఆ కొండల మీద పెత్తనం చేసే మునసబుదారు ఉన్నాడు, ఆయన కింద ముఠాలనే ఊళ్ల సముదాయాలను చూసే ముఠాదారులున్నారు. కొండవారు తాగే కల్లు మీద ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు పెట్టింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది. దాని మీద మునసబుదారు చిగురుపన్ను వసూలు చేశాడు. మైదానపు వ్యాపారులు అప్పు పత్రాలతో కోర్టు డిక్రీలు తెచ్చి పశువులను, ధాన్యాన్ని తోలుకుపోయారు. కొండవాడికి కోర్టు ఎక్కడుందో తెలియదు, డిక్రీ మాత్రం గుమ్మంలోకి వచ్చేది. 1879 మార్చిలో చోడవరం దగ్గర పోలీసుల మీద దాడితో ఫితూరీ, అంటే తిరుగుబాటు, మొదలైంది. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారి నాయకత్వంలో అది గొలుగొండ కొండలకూ, భద్రాచలం ప్రాంతానికీ పాకింది. పదాతి దళాలు, ఆశ్విక దళం, సాపర్లు, హైదరాబాదు నుంచి వచ్చిన సైన్యం అన్నీ కలిసినా అణచడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఫితూరీ జరుగుతుండగానే ప్రభుత్వం విచారణ జరిపి జనం ఫిర్యాదులు నిజమేనని ఒప్పుకుంది. మునసబుదారును తొలగించింది. ముఠాలను నేరుగా ముఠాదారులకే ఇచ్చింది. ఇంతవరకు రెండో పని సగమైనా జరిగిందనవచ్చు. మూడేళ్లు తిరగకముందే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో రిజర్వు హద్దులు పోడు భూముల మీదుగా సాగాయి. కల్లు విషయంలో ఒక చేత్తో ఇచ్చిన ఊరట, అడవి విషయంలో మరో చేత్తో వెనక్కి పోయింది. ప్రభుత్వం దృష్టిలో అవి రెండు వేర్వేరు శాఖల వ్యవహారాలు. గూడెంలో బతికేవాడికి రెండూ కలిసి ఒకే జీవితం.

1922 నాటి మన్యం పోరాటానికి నేపథ్యం ఇదే. నర్సీపట్నం నుంచి కొండల పైకి రోడ్డు వేస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారితో బలవంతంగా పనిచేయించాడు. చెప్పిన కూలి చేతికి అందేది కాదు. ఆ ప్రాంతపు గాం సోదరులు గంటం దొర, మల్లు దొర ఆయన చేతుల్లో దెబ్బతిన్నవారే. మైదానం నుంచి వచ్చిన యువకుడు అల్లూరి సీతారామరాజు ఈ అసంతృప్తికి నాయకుడయ్యాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చిక్కాయి. తీసుకెళ్లిన ఆయుధాల వివరం స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడు. ఈ చిన్న విషయం దగ్గర కాస్త ఆగాలి. రాజ్యం తన అధికారాన్ని కాగితం మీద నడుపుతుంది: రిజిస్టరు, వారంటు, డిక్రీ, రసీదు. కొండవారిని అణచిన సాధనమూ ఆ కాగితమే. అదే రిజిస్టరులో అవతలి పక్షం తన పద్దు తాను రాసుకుని సంతకం చేసింది. దొంగతనంగా కాక, ఒక అధికారం మరో అధికారం నుంచి స్వాధీనం చేసుకున్నట్టుగా.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు కాల్పుల్లో చనిపోయారు. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, అధికారులు రాగానే కాల్చారు. ఎవరిని శత్రువుగా ఎంచుకోవాలో, ఎవరిని వదిలేయాలో తెలిసిన యుద్ధం అది. దానికి జవాబుగా మద్రాసు ప్రభుత్వం, కిందటి ఏడాది మాప్పిళ్ల తిరుగుబాటు సమయంలో పుట్టిన మలబార్ స్పెషల్ పోలీసును తెచ్చింది. ఆ బలం చాలక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను దించింది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. మే 7న రాజును పట్టుకుని కొయ్యూరు దగ్గర విచారణ లేకుండా కాల్చి చంపారు. కొద్ది వారాల్లో గంటం దొర కూడా మరణించాడు. మల్లు దొరను అండమాన్‌కు పంపారు. మొదటి పని పూర్తయింది.

రెండో పని ఏమైంది? పోరాటానికి ముందే, 1917లో, ఏజెన్సీ ప్రాంతాల భూబదిలీ చట్టం ఒకటి ఉంది. కొండవారి భూమి ప్రభుత్వ అనుమతి లేకుండా ఇతరులకు పోకూడదని దాని సారాంశం. 1924 తర్వాత కూడా అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. ముఠాదారీ వ్యవస్థ 1969 దాకా కొనసాగింది. అడవి హద్దులు అలాగే ఉన్నాయి. ఈలోగా ఒక గుర్తుంచుకోదగిన మార్పు వచ్చింది. అండమాన్‌కు వెళ్లిన మల్లు దొర 1952 సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నిన్నటి ఫితూరీదారు నేటి పార్లమెంటు సభ్యుడయ్యాడు. పోరాటానికి కారణమైన ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే మిగిలింది.

నైజాం వైపు ఇదే కాలంలో జరిగిన ఒక ప్రయోగం నా ప్రతిపాదనకు భిన్నంగా కనిపిస్తుంది, అందుకే దాన్ని ప్రత్యేకంగా చూడాలి. 1940లో ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం పోలీసు కాల్పుల్లో మరణించాడు. అడవి అధికారులు గోండుల సాగును అడ్డుకోవడం, గుడిసెలు తగలబెట్టడం అక్కడి గొడవకు మూలం. తర్వాత హైదరాబాదు ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పరిశీలనకు నియమించింది. ఆయన గోండుల మధ్య నివసించి, భూమి పట్టాలే అసలు మందు అని రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టారు. వేల ఎకరాలకు పట్టాలిచ్చారు. రాజ్యం తలచుకుంటే రెండో పని చేయగలదని ఇది నిరూపించింది. అయితే ఆ పని కొద్దిమంది అధికారుల పట్టుదల మీద నిలిచింది. వారు వెళ్లాక వలసలు పెరిగి, భూములు మళ్లీ చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగిన రోజు కూడా వారు అడగడానికి వచ్చింది భూమి సంగతే.

తెలంగాణ సాయుధ పోరాటం మన ప్రాంతంలో ఈ చరిత్రకు కేంద్రబిందువు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో అది మలుపు తిరిగింది. వెట్టి, బేదఖళ్లు, అక్రమ వసూళ్లు, వీటి మీద సంఘం కట్టిన పల్లెలు క్రమంగా దేశ్‌ముఖుల గడీలను, రజాకార్లను ఎదిరించాయి, భూములు పంచుకున్నాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం రావడంతో నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాతి మూడేళ్లు గెరిల్లా దళాలు నల్లమలలో, గోదావరి అడవుల్లో పోరాడాయి. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల దగ్గరికి చేర్చారు. ఆ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథంలో ఈ తరలింపులను వివరంగా నమోదు చేశారు. సరిగ్గా అదే కాలంలో మలయాలో బ్రిటిష్ ప్రభుత్వం బ్రిగ్స్ ప్రణాళిక పేరిట సుమారు ఐదు లక్షల మందిని, అత్యధికంగా చైనీయులను, కంచెలు వేసిన కొత్త పల్లెల్లోకి తరలించింది. కిచనర్ కంచె యాభై ఏళ్లలో ఖండాలు దాటింది.

తెలంగాణలో రెండో పని కూడా పోరాటపు ఒత్తిడిలోనే కదిలింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదాన ఉద్యమం పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది. 1952 ఎన్నికల్లో ఆ పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి భారీ ఆధిక్యంతో గెలిచారు. ఇంతటి సంస్కరణ ఇంత తక్కువ కాలంలో రావడం పోరాట బలానికి నిదర్శనమని ఒక పక్షం అంటుంది, రాజ్యం దూరదృష్టి అని మరో పక్షం అంటుంది. విరమణ తర్వాత ఏం జరిగిందో చూస్తే ఇద్దరి మాటా సగమే నిజమని తేలుతుంది. కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారుకు యాజమాన్యం బదిలీ చేసే 38-ఇ సెక్షను 1954లో చేరింది. తెలంగాణలోని అధిక భాగంలో అది అమల్లోకి రావడానికి 1973 దాకా పట్టింది. మధ్యలో గడిచిన దాదాపు ఇరవై ఏళ్లలో ఎంతమంది కౌలుదారులు కాగితాల మీదనుంచి మాయమయ్యారో ఆ ప్రాంతపు రైతు కుటుంబాలకు తెలుసు.

ఏజెన్సీ భూముల విషయంలో ఈ వాయిదా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నియంత్రణ రెగ్యులేషను చేసింది. తెలంగాణ ఏజెన్సీకి దాన్ని 1963లో వర్తింపజేశారు. దాని అమలుకు కావలసిన నిబంధనలు 1969లో వచ్చాయి. పదేళ్లపాటు శాసనం ఉంది, దాన్ని నడిపే యంత్రం లేదు. ఈ పదేళ్ల చివర్లో ఏం జరిగిందో చూడండి. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీ లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. గిరిజన సంఘం ఉద్యమం సాయుధ పోరాటంగా మారింది. 1969లో నిబంధనలు వచ్చాయి, ముఠాలు రద్దయ్యాయి. 1970 ఫిబ్రవరిలో 1/70 రెగ్యులేషను వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందే అనుకోవాలని, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత గిరిజనేతరుడిదేనని అది చెప్పింది. దేశంలోని గట్టి గిరిజన భూచట్టాల్లో అదొకటి. అదే ఏడాది జూలై 10న ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో మరణించారు. ఉద్యమం కొద్దికాలంలో క్షీణించింది. ఆ తర్వాత 1/70 ఎంత గట్టి చట్టమో అంత నెమ్మదిగా అమలైంది. తుపాకీ మోత వినబడగానే మేల్కొని, ఆగగానే నిద్రపోయే చట్టంగా అది మిగిలింది.

2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వ ప్రతినిధులు, నక్సలైటు పార్టీల ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. భూమి అక్కడ కూడా ప్రధానాంశం. మలి విడత చర్చలు జరగలేదు. 2006లో కోనేరు రంగారావు కమిటీ భూసమస్యల మీద సమగ్ర నివేదిక ఇచ్చింది. అప్పటికి నక్సలైటు ఉద్యమం బలహీనపడింది. నివేదికలోని సిఫారసులు ఎన్ని అమలయ్యాయో ఈ సభలోని రెవెన్యూ అధికారులకు నాకంటే బాగా తెలుసు.

ఈ ప్రతిపాదనకు ఒక పరీక్ష పెట్టాలి. రెండో పని నిజంగా జరిగిన చోట ఫలితం వేరుగా ఉందా? మిజోరం దానికి జవాబు. 1959 వెదురు కరువు నాటి నిర్లక్ష్యం నుంచి పుట్టిన అసంతృప్తి 1966లో సాయుధ తిరుగుబాటు అయింది. ఆ మార్చిలో ఐజాల్ మీద భారత వాయుసేన విమానాలు దాడి చేశాయి. మరుసటి ఏడాది నుంచి ఊళ్లకు ఊళ్లను రోడ్ల పక్కకు తరలించారు. పాత ఊళ్లను తగలబెట్టారు. మలయా పద్ధతి మన గణతంత్రంలో అంత విస్తృతంగా అమలైన చోటు మరొకటి లేదు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. అయినా 1986 జూన్ 30న ఒప్పందం కుదిరినప్పుడు ముఖ్యమంత్రి లాల్‌థన్‌హావ్లా పదవి నుంచి తప్పుకుని, ఇరవై ఏళ్లు పోరాడిన లాల్‌డెంగాకు ఆ కుర్చీ ఇచ్చారు. 1987లో మిజోరం రాష్ట్రమైంది. అక్కడి భూమి బదిలీలకు రాష్ట్ర శాసనసభ ఒప్పుకోనిదే పార్లమెంటు చట్టం వర్తించదని రాజ్యాంగంలో 371-జి అధికరణం చేరింది. ఆ శాంతి నిలిచింది. కొందరు దీన్ని గ్రామాల తరలింపు సాధించిన విజయంగా చూపిస్తారు. తరలింపు ముగిశాక కూడా పదేళ్లకు పైగా పోరాటం సాగిందని, ఆగింది ఒప్పందంతోనేనని వారు మరిచిపోతారు.

మలయాలోనూ అంతే. కంచెలు వేసిన పల్లెల గురించి ప్రపంచమంతా చదివింది. చైనీయులకు పౌరసత్వం విస్తరించడం, 1957లో స్వాతంత్ర్యం ఇవ్వడం గురించి తక్కువగా చదివింది. అందుకే 1962లో దక్షిణ వియత్నాంలో కంచె పల్లెలు మళ్లీ కట్టినప్పుడు, వాటి వెంట భూసంస్కరణ గాని, నమ్మదగిన పాలన గాని రాలేదు. ఆ పల్లెలు రెండేళ్లలోనే చాలావరకు కూలిపోయాయి. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం 20 లక్షల మందిని తరలించి, 1957లో అల్జీర్స్ నగరంలో తిరుగుబాటు దళాలను తుడిచిపెట్టింది. ఐదేళ్లలో ఆ దేశాన్నే వదిలి వెళ్లింది.

ఇంతవరకు రాజ్యం గురించి మాట్లాడాను. న్యాయం చేయాలంటే రెండో పక్షాన్ని కూడా అదే కొలతతో కొలవాలి. గెరిల్లా జనంలోంచి పుడతాడు, జనం మీదే ఆధారపడతాడు, కనుక యుద్ధం మొదటి దెబ్బ జనం మీదే పడుతుంది. పగలు పోలీసులు అడిగే ప్రశ్నలకు, రాత్రి దళం అడిగే ప్రశ్నలకు ఒకే మనిషి జవాబు చెప్పాలి. ఇన్ఫార్మరు అన్న అనుమానం మీద చంపేసిన పేదవాడి కుటుంబానికి, ఎదురుకాల్పుల పేరిట చనిపోయిన పేదవాడి కుటుంబానికి తేడా లేదు. శ్రీకాకుళంలో వ్యక్తిగత నిర్మూలన మార్గం పట్టాక, సంఘం కట్టి కూలి రేట్లు పెంచుకున్న గిరిజనుల చేతుల్లోంచి ఉద్యమం జారిపోయింది. పోరాటాన్నే నిరంతర వృత్తిగా మార్చుకున్న చోట, కారణాన్ని తీర్చాలన్న తొందర అవతలి పక్షంలోనూ తగ్గుతుంది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్. ఆర్. శంకరన్ వంటివారు రెండు పక్షాలకూ ఏళ్ల తరబడి చెప్పిన మాట ఇదే. ఆయన మాట విన్నవారు రెండు వైపులా తక్కువే.

నా ప్రతిపాదన మీద ఒక అభ్యంతరం రావచ్చు. ఫితూరీలు లేకపోతే సంస్కరణలే రావని చెప్పి, హింసకు నేను పరోక్షంగా సమర్థన ఇస్తున్నానా? చరిత్ర అలా చెప్పడం లేదు. హింస తెచ్చిన సంస్కరణ అమలు కాకుండా ఎందుకు పోయిందో చెబుతోంది. భయం శాసనం చేయించగలదు. దాన్ని అమలు చేయించడానికి తహసీల్దారు కచేరీలో రోజువారీగా పనిచేసే న్యాయం కావాలి, దాన్ని అడిగే సంఘాలు కావాలి, అడిగినవారిని అనుమానితులుగా చూడని పోలీసు కావాలి. ఈ మూడింటినీ భయం పుట్టించలేదు. తిరుగుబాటు లేని కాలంలో సంస్కరణ చేయగల రాజ్యానికే తిరుగుబాటు కాలంలో బలప్రయోగం చేసే నైతిక అర్హత ఉంటుంది.

ఈనాడు మన ఏజెన్సీలో తుపాకీ మోత చాలావరకు తగ్గింది. దీన్ని అందరమూ స్వాగతించాలి. నేను చెప్పిన చరిత్ర నిజమైతే, ఇదే అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన కాలం కూడా. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన దరఖాస్తులు, 1/70 కింద నడుస్తున్న కేసులు, పెసా చట్టం కింద గ్రామసభలకు రావలసిన అధికారాలు ఇప్పుడు ఎవరి తొందర మీద కదులుతాయి? లొంగిపోయినవారి సంఖ్యలు పత్రికల్లో వస్తున్నాయి. అదే మండలాల్లో పరిష్కరించిన భూమి కేసుల సంఖ్యలు అలా అచ్చు కావడం అరుదు.

విద్యార్థులకు నా విన్నపం ఒకటే. ఏ ప్రాంతంలోనైనా తిరుగుబాటు ముగిసిందని చదివినప్పుడు, ఆ తేదీని మీ పరిశోధనకు మొదటి పుటగా పెట్టుకోండి. అక్కడినుంచి పదేళ్ల అడంగళ్లు, పట్టా రిజిస్టర్లు, కోర్టు తీర్పులు తీయండి. ఎవరు గెలిచారో చెప్పే సాక్ష్యం వాటిలోనే ఉంటుంది. ఆ పదేళ్లలో భూమి దున్నేవాడి పేరిట చేరి ఉంటే, రాజ్యం నిజంగా గెలిచింది, జనమూ గెలిచారు. చేరకపోతే, తర్వాతి తిరుగుబాటు వచ్చినప్పుడు కారణాలు వెతకడానికి ఏ కమిషనూ అక్కర్లేదు. అవి మన కచేరీల్లోనే, మన సంతకాలతోనే ఉంటాయి.